పగడం కొనేటప్పుడు: పెద్ద కాలనీయా, చిన్న ఫ్రాగా?

నేను కొన్న మొదటి పెద్ద పగడం కొబ్బరికాయంత ఉండేది. ఆక్రోపొరా జాతి, ఆకుపచ్చ కొమ్మలు, కొసలకు ఊదా రంగు. డాలస్ దగ్గర ఒక షాపులో 220 డాలర్లు చెబితే 180కి బేరం కుదిర్చి, పండక్కి పందెంకోడిని తెచ్చుకున్నంత సంబరంగా కారు ముందు సీట్లో పెట్టుకుని తెచ్చాను. తొమ్మిదో రోజు మొదలు దగ్గర తెల్లబడింది. పదమూడో రోజుకు కొసలు తప్ప అంతా తెలుపే. బయటికి తీసి టార్చిలైటు వేసి చూశాను. కొమ్మలు కలిసే చీకటి సందులో, చచ్చిన సున్నం మీద, గసగసాల కన్నా చిన్నవి, తేనెరంగు గుడ్లు గుంపుగా అతుక్కుని ఉన్నాయి. ఆక్రోపొరాను తినే ఫ్లాట్‌వర్మ్ అనే పలచటి పురుగు పెట్టినవి అవి. నేను డబ్బిచ్చి పగడాన్నీ, దాన్ని తినే పురుగునీ కలిపి కొనుక్కొచ్చానన్నమాట.

అదే రోజు అదే షాపువాడు కొసరుగా ఇచ్చిన బర్డ్స్‌నెస్ట్ అనే కొమ్మ పగడం ముక్క, బొటనవేలి గోరంతది, బతికింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

మాటలు తెలియనివాళ్ల కోసం: కాలనీ అంటే హౌసింగ్ బోర్డు కాలనీ లాంటిదే, వేల పాలిప్‌లు, అంటే నోరున్న బుల్లి జీవులు, ఒకే సున్నపు గూటిని పంచుకుని కాపురముండే పెద్ద పగడం. పిడికిలి దగ్గర్నుంచి పుచ్చకాయ దాకా ఉంటుంది. ఫ్రాగ్ అంటే దాన్నుంచి కోసిన అరంగుళం, అంగుళం ముక్క. చిన్న పింగాణీ ప్లగ్గు మీద జిగురుతో అంటించి అమ్ముతారు. చెరకు ముచ్చె నాటితే చెరకు ఎలా వస్తుందో, ఈ ముక్క నుంచి మళ్లీ కాలనీ అలాగే వస్తుంది. నేను పగడాలకు మేత వేస్తున్నానంటే మా అమ్మ ఫోన్‌లో, "పగడం కుజుడికి వేలికి పెట్టుకునేది కదరా, దానికి తిండేమిటి?" అంది. ఆ ఎర్ర పగడం వేరే. అది లోతున మసక వెలుతురులో పెరుగుతుంది, ఒంట్లో నాచు ఉండదు. మనం ట్యాంకులో పెంచే వాటిలో చాలావాటికి కండలో నాచు ఉంటుంది, వెలుతురే వాటికి చాలావరకు అన్నం.

ముందు ఒక హెచ్చరిక

ఇది అమెరికా లాంటి చోట్ల ఉండి ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇండియాలో ఉన్నవాళ్లు ఇక్కడే ఆగండి. రాతి పగడాలన్నీ, నల్ల పగడాలు, ఆర్గాన్ పైప్, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్‌లతో సహా 2001లో మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లోకి వెళ్లాయి. పులి ఉన్న జాబితా అది. బతికున్న ముక్కే కాదు, అలంకారానికి పెట్టే ఎండు గూడైనా నేరమే. కాబట్టి "వచ్చేటప్పుడు సూట్‌కేసులో రెండు ఫ్రాగ్‌లు పట్టుకురా బావా" అని హైదరాబాద్ నుంచి ఎవరైనా అడిగితే నవ్వేసి ఊరుకోండి. రాతి పగడాలు దేశం దాటాలంటే సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) పర్మిట్ కూడా కావాలి.

1. మీ నీళ్లు నిలకడగా ఉన్నాయో లేదో చూసుకోండి

సైజు గురించి ఆలోచించే ముందు ఒక పది రోజులు రోజూ ఒకే టైముకు ఆల్కలినిటీ (పగడం సున్నపు గూడు కట్టుకోడానికి వాడుకునే కార్బొనేట్ల కొలత, డీకేహెచ్‌లలో చెబుతారు) కొలిచి రాసుకోండి. 8, 9 డీకేహెచ్ మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు, ఉన్నచోట ఉండాలి. ఇవాళ 8.5, ఎల్లుండి 7.2, ఆ తర్వాత మందు పోస్తే 9.6, ఇలా ఊగుతుంటే పెద్ద కాలనీ జోలికి పోవద్దు. మిగతా అంకెలు తెలిసినవే: ఉప్పు 35 పీపీటీ, వేడి 77 నుంచి 79 ఫారన్‌హీట్, కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1300 చుట్టుపక్కల, నైట్రేట్, ఫాస్ఫేట్ కొద్దిగా ఉండాలి, సున్నా కాకూడదు.

ట్యాంకు పెట్టి ఆరు నెలలు కాకపోతే ఆక్రోపొరా ఏ సైజులోనూ వద్దు. ఈ మాట ఎవరూ వినరు, నేనూ వినలేదు.

2. రకాన్ని బట్టి సైజు

అందరూ "ఫ్రాగ్ మంచిదా, కాలనీ మంచిదా" అని అడుగుతారు. అన్నిటికీ ఒకే జవాబు లేదు. ఏ పగడం అన్నది ముందు తేలితే సైజు దానంతట అదే తేలుతుంది.

జీనియా, గ్రీన్ స్టార్ పాలిప్స్, మామూలు మష్రూమ్‌లు: ఇవి ఎంత చిన్న ముక్క దొరికితే అంత చాలు. డబ్బు పెట్టి పెద్దది కొనడమంటే చెరువులోకి గుర్రపుడెక్కను కొని వదలడమే. అదీ మిగతా రాళ్లకు తగలకుండా ఇసుకలో విడిగా ఒక రాయి పెట్టి, దాని మీదే పెట్టండి. ఒకసారి పెద్ద రాయికి పాకితే గీకి గీకి చేతులు పోతాయి.

జోయాంథిడ్‌లు: మూడు నాలుగు పాలిప్‌ల ఫ్రాగ్ కొనండి. ఒక్క పాలిప్ ముక్కలు చౌకగా కనిపిస్తాయి గానీ, ఒక రాత్రి నత్త దాని మీద కూర్చుంటే పొద్దున్నకు మిగిలేది ప్లగ్గే. ఇక్కడ ఇంకో మాట. జోయాల్లో, ముఖ్యంగా పాలిథోవాల్లో, పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. కోసేటప్పుడు చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. అవి అతుక్కున్న రాయిని శుభ్రం చేద్దామని ఎప్పుడూ ఉడకబెట్టొద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

టార్చ్, హామర్, ఫ్రాగ్‌స్పాన్ (ఊగే మీసాలతో పెద్ద తలలున్న రాతి పగడాలు): ఇక్కడ నా ఓటు మధ్య దారికి. రెండు లేదా మూడు తలల ముక్క కొనండి. ఒక్క తలది ఏ కారణం చేతనో ముడుచుకుంటే ఇక అంతే. మూడింటిలో ఒకటి పోయినా రెండు మిగులుతాయి, కుళ్లిన తలను కోసి పారేసి మిగతావాటిని దక్కించుకోవచ్చు. కొమ్మలుగా విడిపోయే రకమే తీసుకోండి. గోడలా ఒకే పొడుగాటి తలతో వచ్చే హామర్ కూడా ఉంటుంది. దాన్ని కోయాలంటే రంపం కండ మధ్యలోంచి పోవాలి. ఆ రకం ఫ్రాగ్‌ను, ఎంత అందంగా ఉన్నా, కోత మానిందని కళ్లతో చూస్తే తప్ప కొనొద్దు.

స్కాలీ, ట్రాకీ, ఫంజియా, ఎలిగెన్స్: వీటిలో పెద్దదా చిన్నదా అన్న ప్రశ్నే లేదు. చాలావరకు ఒకే ఒళ్లు. పూర్తి పగడమే కొనాలి. ముక్క కోసి అమ్ముతున్నారంటే ఎందుకు కోశారో అడగండి. సగం చచ్చిన దాన్ని కోసి, బాగున్న సగం అమ్మడం కొత్తేమీ కాదు.

ఇక రాతి కొమ్మల రకాలు, అంటే ఎస్‌పీఎస్ (చిన్న పాలిప్‌ల రాతి పగడాలు, ఆక్రోపొరా లాంటివి): ఫ్రాగే. దీని మీద నాతో వాదించకండి. కాలనీ ఏదో ఒక సముద్రంలోనో, ఇంకొకరి ట్యాంకులోనో, అక్కడి వెలుతురుకీ అక్కడి నీటి విసురుకీ తగ్గట్టు కొమ్మలు పెట్టుకుని పెరిగి ఉంటుంది. మీ ట్యాంకులో పంపు ఇంకో పక్కనుంచి కొడుతుంది. లోపలి కొమ్మలకు నీరందదు, నీడపడ్డ మొదలు చచ్చిపోతుంది, అక్కణ్నుంచి తెలుపు పైకి పాకుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్నట్టు, అంగుళం ముక్క మాత్రం మీ పంపుకు తగ్గట్టే కొమ్మ వేసుకుంటుంది. ఎదగడానికి ఎన్నేళ్లు అని భయపడొద్దు. ప్లేటులా పెరిగే మాంటిపొరా నా ట్యాంకులో ఏడాదిన్నరకు అంగుళం నుంచి అరచేయి పరచినంత అయ్యింది. బర్డ్స్‌నెస్ట్, స్టైలోఫొరా కూడా అంతే వేగం. ఆక్రోపొరా మొదట మూడు నాలుగు నెలలు ఏమీ చేయనట్టే ఉంటుంది, నిజానికి అడుగున ప్లగ్గు మీద కండ పరుచుకుంటూ ఉంటుంది. అది పూర్తయ్యాకే పైకి లేస్తుంది.

కాలనీకి ఒక్క మంచి గుణం ఉంది, అది కాదనను. దెబ్బ తట్టుకుంటుంది. ఫ్రాగ్ రాత్రికి రాత్రి పోతుంది. కాలనీ మొదలు నుంచి చస్తూ మీకు వారం గడువిస్తుంది, ఈలోగా బతికున్న కొసలు తుంచి విడిగా అంటించుకోవచ్చు. నా 180 డాలర్ల కొబ్బరికాయ నుంచి కూడా ఆరు కొసలు తుంచాను. మరి పురుగు కొసల్లోనూ ఉందిగా, ఆరూ పోయాయి.

3. డబ్బు లెక్క

ఒక కాలనీ డబ్బుతో ఏడెనిమిది ఫ్రాగ్‌లు వస్తాయి. కొత్తలో ఎనిమిదింటిలో మూడు పోతే మీకు అర్థమవుతుంది, ఏది మీ నీళ్లకు పడుతుందో. ఒకటే కాలనీ పోతే ఏమీ అర్థం కాదు. అలాగని గోరంత ముక్కకు 300 డాలర్లు పెట్టించే పేర్లుంటాయి, దేవుళ్ల పేర్లూ డ్రాగన్‌ల పేర్లూ కలిపి. అవి పేరుకు పెట్టే డబ్బులు. రెండేళ్లలో అదే పగడం క్లబ్బువాళ్ల అమ్మకాల్లో 40కి దొరుకుతుంది.

4. షాపులో ఎలా చూడాలి

మొదట నీలం లైటు ఆపి తెల్ల లైటు వేయమనండి. నీలం కింద ప్రతి పగడమూ పెళ్లిపందిరి సీరియల్ బల్బులా మెరుస్తుంది. తెల్ల వెలుగులో పాలిపోయి ఉంటే బ్లీచ్ అవుతున్నట్టు, అంటే కండలోని నాచు పోతున్నట్టు. గోధుమరంగుగా ఉంటే భయం లేదు, లోపల నాచు ఎక్కువైందంతే, మంచి లైటు కింద రంగు తిరిగొస్తుంది. ఆన్‌లైన్లో కొంటే ఆ ముక్కదే ఫోటో కావాలనండి, "ఇలాంటిదే పంపుతాం" అన్న ఫోటో చూసి కొనొద్దు.

ఫ్రాగ్ అయితే ప్లగ్గు అంచు చూడండి. జిగురు ఇంకా తెల్లగా కనిపిస్తుంటే నిన్నో మొన్నో కోసింది. కండ జిగురును కప్పేసి ప్లగ్గు మీదికి పాకి ఉంటే రెండు మూడు నెలలుగా అక్కడే స్థిరపడిందని. పది డాలర్లు ఎక్కువైనా రెండోదే కొనండి.

కాలనీ అయితే అడుగు చూపించమనండి. "అబ్బే, కదిపితే ఒత్తిడికి లోనవుతుంది" అని షాపువాడు అంటే మీరు వేరే షాపుకు లోనవ్వండి. అడుగున కొత్తగా తెల్లబడ్డ చోటు ఉందా, కండకూ తెలుపుకూ మధ్య అంచు చిరిగినట్టుందా, గుండ్రటి చిన్న కొరుకుడు మచ్చలున్నాయా, సందుల్లో గుడ్లున్నాయా. ఐప్టేసియా అనే కుట్టే కలుపు అనిమోన్, బుడగ నాచు, గొట్టాల్లో ఉండి జిగురు వల విసిరే వెర్మెటిడ్ నత్తలు కాలనీ కింది రాయి మీదే వస్తాయి. కొమ్మల మధ్య చిన్న నున్నటి పీతలుంటే సాధారణంగా మేలే, పగడానికి కాపలా కాస్తాయవి. వెంట్రుకలు, నల్ల గోళ్లున్న పీత అయితే వద్దు.

టార్చ్, హామర్‌లయితే కండ గూటి అంచు కిందికి కొంత దిగి ఉండాలి. అంచుకు పైకి జారి, పదునైన సున్నపు పలకలు బయటపడి ఉంటే అది వెనక్కి తగ్గుతున్న పగడం.

5. అడగాల్సినవి

ఇది సముద్రంలో తీసిందా, సముద్రంలో పెంచిందా, ట్యాంకులో పెంచిందా? మీ దగ్గర ఎన్నాళ్లుగా ఉంది? ఏ లైటు కింద, ఎంత పార్ (పగడానికి అందే వెలుతురు కొలత)? మీ ఆల్కలినిటీ ఎంత? చివరి ప్రశ్నకు జవాబు చెప్పలేని షాపులో ఎస్‌పీఎస్ కొనొద్దు.

మొదటి ప్రశ్న ఊరికే కాదు. 2018లో ఇండొనేషియా పగడాల ఎగుమతి ఆపేసింది, 2020లో మళ్లీ తెరిచింది. ఆ మధ్యకాలంలో టార్చ్‌ల ధరలు కళ్లు తిరిగేలా పెరిగాయి. నిలబడినవాళ్లు ఎవరంటే సొంత ట్యాంకుల్లో ముక్కలు పెంచుకుని ఒకరికొకరు ఇచ్చుకున్నవాళ్లు.

6. తెచ్చిన రోజు

సంచీని ట్యాంకు నీళ్లలో 20 నిమిషాలు తేలనివ్వండి, వేడి సమానమవుతుంది. ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో ట్యాంకు నీళ్లు పోసి, డిప్ మందు (పురుగులు రాలేలా పగడాన్ని ముంచేది) సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపండి. ఇంకొంచెం వేస్తే పురుగు తప్పకుండా చస్తుందన్న ఆశ వద్దు, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది. పక్కనే కడగడానికి మందు లేని నీళ్లతో ఇంకో డబ్బా. డిప్ చేసిన నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంకులోకి పోకూడదు.

పగడాన్ని ముంచి, వంటింట్లో టర్కీ బేస్టర్ ఉంటే దానితో, లేకపోతే పెద్ద సిరంజీతో, కొమ్మల సందుల్లోకి నీటిని గట్టిగా కొట్టండి. రెండు మూడు నిమిషాల తర్వాత డబ్బా అడుగు చూడండి. తెలుపు డబ్బా అన్నది ఇందుకే. ఫ్లాట్‌వర్మ్ పగడం మీద ఉన్నంతసేపూ దాని రంగులోనే కలిసిపోయి కనపడదు. రాలాక, ఉల్లిపొర చిరుగులా, అంచులు ముడుచుకుని కొట్టుకుంటూ కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు కడుపులో తిప్పుతుంది.

డిప్ పురుగును రాలుస్తుంది, గుడ్డును ఏమీ చేయదు. ఫ్రాగ్ గెలిచేది ఇక్కడే. ప్లగ్గును బోన్ కట్టర్‌తో కత్తిరించి పారేసి, ముక్కను మీ సొంత కొత్త ప్లగ్గు మీద సూపర్ గ్లూ జెల్‌తో అంటించండి. గుడ్లుండేది చచ్చిన సున్నం మీద, ప్లగ్గు మీద, కాబట్టి అవి దాంతోపాటే చెత్తబుట్టలోకి. కాలనీకి ఈ వీలు లేదు. దాని చీకటి సందులన్నీ మీ ఇంటికి దానితోపాటే వస్తాయి.

7. విడి తొట్టి

10 గాలన్ల తొట్టి, చిన్న పంపు, హీటరు, ఓ మోస్తరు లైటు. ఫ్రాగ్‌లకు ఇది చాలు. వారానికోసారి డిప్ చేస్తూ కనీసం ఆరు వారాలుంచండి, గుడ్డు పొదిగి వచ్చిన పిల్లను అది పెద్దదై మళ్లీ గుడ్డు పెట్టేలోపే పట్టుకోవాలి. చేపలకు వచ్చే తెల్లమచ్చల పరాన్నజీవి కూడా ప్లగ్గు మీద తిత్తిగా అతుక్కుని రావచ్చు, ఆ భయం కూడా తీరాలంటే చేపల్లేని తొట్టిలో రెండున్నర నెలలు. అదే పది అంగుళాల కాలనీని ఈ తొట్టిలో పెడితే నాలుగు రోజుల్లో అక్కడి ఆల్కలినిటీ తాగేస్తుంది. అందుకే కాలనీ కొన్నవాళ్లు చాలామంది ఈ అడుగు దాటేస్తారు, నేను దాటేసినట్టే.

8. పెట్టే చోటు

మెత్తటి రకాలకు 50 నుంచి 100 పార్, టార్చ్ లాంటివాటికి 75 నుంచి 150, ఎస్‌పీఎస్‌కు 200 నుంచి 350. ఏదైనా సరే మొదటి రెండు వారాలు కిందనే పెట్టి మెల్లగా పైకి జరపండి. పగడాలు నీడకు నీరసిస్తాయి గానీ ఎండకు మాడిపోతాయి.

ఫ్రాగ్ పెట్టేటప్పుడు అందరూ చేసే తప్పు, ఇప్పుడున్న సైజు చూసి పెట్టడం. కొబ్బరి మొక్కను గోడకు ఆనించి నాటినట్టు. టార్చ్ చుట్టూ అన్ని వైపులా ఆరంగుళాలు వదలండి, రాత్రిళ్లు పొడవాటి మీసాలు చాచి పక్కదాన్ని కాలుస్తుంది. గెలాక్సియా అయితే అడుగు దూరం వరకు చాస్తుంది. హామర్, ఫ్రాగ్‌స్పాన్ పక్కపక్కన సర్దుకుంటాయి, టార్చ్ మాత్రం సొంతవాళ్లతో తప్ప సర్దుకోదు. ముక్కను జిగురుతో గట్టిగా అంటించండి. టర్బో నత్తకు మీ 60 డాలర్ల ఫ్రాగ్ అయినా గులకరాయి అయినా ఒకటే, బుల్‌డోజర్‌లా తోసుకుపోతుంది.

9. అయినా కాలనీయే కావాలంటే

ట్యాంకు ఏడాది దాటి, ఆల్కలినిటీ నిలకడగా ఉండి, రోజూ కొద్దికొద్దిగా పోసే డోసింగ్ పంపు ఉంటే కొనండి. మిత్రుడెవరైనా ట్యాంకు ఎత్తేస్తుంటే అంతకన్నా మంచి అవకాశం ఉండదు. ఆ పగడం ఏళ్ల తరబడి ట్యాంకు నీళ్లకు అలవాటుపడ్డది, పురుగుల చరిత్ర మీకు తెలిసింది. నేను 75 గాలన్ల ట్యాంకులోకి అలా మూడు ఒకేసారి తెచ్చాను. సోమవారం 8.4 ఉన్న ఆల్కలినిటీ శుక్రవారానికి 7.1. 1.3 డీకేహెచ్ పోయిందంటే కాల్షియం కూడా 9 పీపీఎం దాకా పోయినట్టే, ఒక్కో డీకేహెచ్‌కు సుమారు 7 చొప్పున. కాల్షియం కిట్టులో అంత చిన్న తేడా తెలియదు, ఆల్కలినిటీ కిట్టులో తెలుస్తుంది. కాబట్టి మొదటి రెండు వారాలు రోజూ అదే కొలవండి. తగ్గింది కదా అని ఒకేసారి పెంచేయొద్దు, రోజుకు అర డీకేహెచ్ చాలు. నెలకు ఒకటి చొప్పున తెచ్చుకుని ఉంటే ఈ కంగారే ఉండేది కాదు.

10. ఏడాదికి కోసి ఒకరికివ్వండి

ఆ కొసరు బర్డ్స్‌నెస్ట్ రెండేళ్లకు ఫుట్‌బాల్‌లో సగమైంది. మధ్యలో నీడ పడుతోందని నాలుగు కొమ్మలు కోసి, డాలస్ పక్కన ప్లేనోలో ఉండే మా ఊరి తమ్ముడికి రెండు ఇచ్చాను. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చి టెక్సస్‌లో కరెంటు పోయింది. మా ఇంట్లో రెండు రోజులు లేదు. ట్యాంకుకు దుప్పట్లు కప్పాం, స్టవ్ మీద నీళ్లు కాచి సీసాల్లో పోసి వేలాడదీశాం, గంటకోసారి చెంబుతో నీళ్లు పైనుంచి పోశాం. థర్మామీటరు 58కి దిగాక మా ఆవిడ ఇక పడుకోమంది. కొమ్మ పగడం ఒక్కటీ మిగల్లేదు. తమ్ముడి వీధి ఆసుపత్రి లైను మీద ఉండటంతో వాళ్లకు కరెంటు పోలేదు. మార్చిలో అతను పెరుగు డబ్బాలో పట్టుకొచ్చాడు, నా బర్డ్స్‌నెస్ట్ నుంచి పెరిగిన దాన్నుంచి కోసిన ముక్క, మళ్లీ బొటనవేలి గోరంతే.

కోసేటప్పుడు చెట్టు కొమ్మలా విరవకండి, బోన్ కట్టర్‌తో ఒక్క నొక్కు. అంగుళం కన్నా చిన్నది కోయొద్దు. కోసిన చోట కండ రెండు వారాల్లో మూసుకుంటుంది. ప్లగ్గు అంచుదాకా పాకిన తర్వాతే ఎవరికైనా ఇవ్వండి. ఇచ్చే రోజు పొద్దున మేత వేయకండి, సంచీలో నీళ్లు పాడవుతాయి.